పాత పికప్ ట్రక్కు వెనక డిఫరెన్షియల్ గేర్లు పోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు లీఫ్ స్ప్రింగుల మీద గట్టి వెనక యాక్సిల్ ఉన్న పాత పికప్‌లకు వర్తిస్తాయి. ఇచ్చిన కొలతలు ఈ తరగతి బండ్లలో ఎక్కువగా కనిపించేవి. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే మాన్యువల్ మాటే చెల్లుతుంది.

డిఫరెన్షియల్ లోపల ఏమేం ఉంటాయి?

ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి ఫ్లాంజికి తగులుకుంటుంది. ఫ్లాంజి టెయిల్ పినియన్‌ను తిప్పుతుంది, పినియన్ క్రౌన్‌ను, అంటే పెద్ద పళ్ళ చక్రాన్ని, తిప్పుతుంది. క్రౌన్ ఒక కేజ్‌కి బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ కేజ్ లోపల ఒక పిన్ను మీద రెండు స్టార్ పినియన్లు, వాటికి చెరో పక్క సన్ గేర్లు, సన్ గేర్లలోకి యాక్సిళ్ళు. పినియన్‌ను రెండు టేపర్ బేరింగులు, కేజ్‌ను ఇంకో రెండు మోస్తాయి.

రెండు సంగతులు గుర్తు పెట్టుకుంటే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి. బండి తిన్నగా పోతున్నప్పుడు స్టార్ పినియన్లు తమ చుట్టూ తాము తిరగవు, కేజ్‌తో కలిసి తిరుగుతాయంతే. వాటికి అసలు పని మలుపులోనే, బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ తిరగనివ్వడం. రెండోది, పినియన్ క్రౌన్ మధ్యకు ఎదురుగా ఉండదు, దాని కన్నా కిందకు ఉంటుంది. దీన్నే హైపాయిడ్ అమరిక అంటారు. అందువల్ల పళ్ళు ఒకదానిమీద ఒకటి దొర్లడంతో పాటు పొడుగునా జారుతాయి కూడా. ఆ జారుడుకు పుట్టే ఒత్తిడిని, వేడిని మామూలు నూనె ఆపలేదు.

వెనక నుంచి కూత వస్తోంది. శబ్దాన్ని బట్టి ఏది పోయిందో చెప్పవచ్చా?

చాలా వరకు చెప్పవచ్చు, కాకపోతే ఒకే వేగం దగ్గర నాలుగు స్థితుల్లో వినాలి. ఖాళీ రోడ్డు మీద, బండి పూర్తిగా వేడెక్కాక, ముందు యాక్సిలరేటర్ మెల్లగా నొక్కుతూ, తర్వాత వేగం నిలకడగా ఉంచి, ఆ తర్వాత గేరులో ఉండగానే కాలు తీసేసి, చివరగా న్యూట్రల్‌లో. న్యూట్రల్‌లో కూడా అదే శబ్దం ఉంటే ఇంజిన్ మీద అనుమానం వదిలేయవచ్చు.

యాక్సిలరేటర్ నొక్కినప్పుడు సన్నగా కూసి, కాలు తీయగానే ఆగిపోతే క్రౌన్ పళ్ళ లాగుడు వైపు అరిగిందని అర్థం. కాలు తీసినప్పుడు మాత్రమే ఊళపెడితే పళ్ళ రెండో వైపు అరిగి ఉండవచ్చు. అంతకన్నా ఎక్కువగా పినియన్ బేరింగులు బిగుతు కోల్పోయి ఉంటాయి. బేరింగులు వదులైన సంగతి ముందే పట్టుకుంటే గేర్లు దక్కుతాయి.

నాలుగు స్థితుల్లోనూ ఒకేలా గురగురమంటూ వేగంతో పాటు పెరిగితే అది బేరింగ్. పినియన్ చక్రం కన్నా మూడున్నర, నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి దాని బేరింగ్ మోత సన్నగా, బిగువుగా ఉంటుంది. కేజ్ బేరింగ్ మోత బరువుగా, నిదానంగా ఉంటుంది.

లెక్క తప్పకుండా టక్, టక్ అని కొట్టుకుంటే ఒక పన్ను చిట్లిందనుకోండి. చక్రం ఒక చుట్టుకు ఒకసారి వస్తే క్రౌన్ పన్ను, షాఫ్ట్ ఒక చుట్టుకు ఒకసారి వస్తే పినియన్ పన్ను. మలుపులోనే కటకట వచ్చి తిన్నగా పోతే ఆగిపోతే స్టార్ పినియన్లనో, వాటి పిన్నునో చూడాలి. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం మాత్రమే గిర్రున తిరగకుండా అడ్డుకునే రకం) అయితే దాని క్లచ్ ప్లేట్లు కూడా మలుపులో ఇలాగే వణుకుతాయి. చాలాసార్లు సరైన ఆయిల్, ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల రాపిడిని సరిచేసే రసాయనం) పోస్తే తగ్గుతుంది.

ముందుకీ వెనక్కీ గేరు మార్చినప్పుడు ఒక్క దెబ్బ 'ఠంగ్' మనడం మాత్రం గట్టి సాక్ష్యం కాదు. షాఫ్ట్ జాయింట్లు, స్ప్లైన్లు, స్టార్ పిన్ను, క్రౌన్ అన్నింటిలోని లూజూ కలిసి ఒకేసారి వినిపిస్తుంది.

టైరు మోతో, చక్రం బేరింగో కాదని ఎలా తేల్చుకోవాలి?

రోడ్డు రకం మారితే టైరు మోత మారుతుంది, గేరు కూత మారదు. వేగం మీద కొంచెం ఎడమకు, కొంచెం కుడికి తిప్పినప్పుడు మోత పెరిగి తగ్గితే చక్రం బేరింగ్. జాయింట్ క్రాస్‌ను (షాఫ్ట్ జాయింటును కలిపే కూడిక గుర్తు ఆకారపు ముక్కను) పరీక్షించాలంటే దానికి రెండు వైపులా షాఫ్ట్‌ను పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పాలి. చేతికి కదలిక తెలిస్తే ఆ క్రాస్ పోయినట్టే.

అదే సమయంలో పినియన్ ఫ్లాంజిని కూడా పట్టుకుని పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ లాగి చూడండి. తిరిగే దిశలో కాస్త ఆట ఉండడం సహజం. పైకీ కిందకీ, లోపలికీ బయటికీ వెంట్రుకవాసి కదలినా పినియన్ బేరింగ్ పనైపోయింది. ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్ష ఎంతో ఖర్చు తప్పిస్తుంది.

హౌసింగ్ విప్పకుండా ఇంకేం చూడవచ్చు?

ముందు చక్రాలకు అటూ ఇటూ గట్టిగా అడ్డం పెట్టి, వెనక యాక్సిల్‌ను రెండు స్టాండ్ల మీద నిలపండి. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కింద దూరవద్దు. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వదిలి ఉండాలి. ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురు దిశలో తిరిగితే మామూలు డిఫరెన్షియల్, అదే దిశలో తిరిగితే లిమిటెడ్ స్లిప్ లేదా లాకర్ (రెండు చక్రాలనూ కలిపి బిగించేది). తిప్పుతున్నప్పుడు హౌసింగ్ మీద చెయ్యి వేసి ఉంచండి. పట్టేసినట్టు, గరుకుగా ఉన్నట్టు చేతికే తెలుస్తుంది.

తర్వాత లెవెల్ ప్లగ్ విప్పి చిటికెన వేలు పెట్టి చూడండి. ఆయిల్ రంధ్రం అడుగు అంచు వరకు తగలాలి.

ఆయిల్ చూసి ఏం తెలుస్తుంది?

ఆయిల్ తీయాలనుకుంటే ముందు నింపే ప్లగ్ విప్పండి, అది వచ్చాకే డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోండి. పాత బండ్లలో నింపే ప్లగ్ తుప్పుతో బిగుసుకుపోవడం మామూలే. ఆయిల్ అంతా దింపేశాక అది రాకపోతే బండి కదలడానికి ఉండదు.

ప్లగ్ అయస్కాంతానికి నల్లని బూడిదరంగు ముద్ద పట్టి ఉంటుంది. వేళ్ళ మధ్య రాసి చూడండి. మెత్తగా ఉంటే మామూలు అరుగుదల. గరుకు తగిలితే ఆగి జాగ్రత్తగా చూడాలి. పలుచని పొలుసుల్లాంటి ముక్కలు బేరింగ్ దారి (రోలర్లు దొర్లే చోటు) నుంచి ఊడినవి. మందంగా, ఒక వైపు నున్నగా మెరుస్తూ, మిగతా వైపులు విరిగిన ఇనుములా ఉన్న ముక్క గేరు పన్నుది. అలాంటిది ఒక్కటి దొరికినా వెనక కవరు తీయక తప్పదు. కవరు లేని రకంలో ముందు నుంచి క్యారియర్ (గేర్లన్నీ బిగించి ఉన్న భాగం) దించాలి.

ఆయిల్ తెల్లగా పాలలా ఉంటే నీళ్ళు చేరాయి. మాడిన వాసనతో నల్లబడి ఉంటే లెవెల్ తగ్గి కాగింది. క్రౌన్ పళ్ళు నీలంగానో గోధుమ రంగుగానో మారి ఉంటే ఆ గేర్లు మళ్ళీ వాడదగినవి కావు.

అసలు ఈ గేర్లు ఎందుకు పోతాయి? ఇంత లావు పళ్ళు కదా?

పళ్ళు తమంతట తాము విరగడం అరుదు. దాదాపు ప్రతిసారీ వేరే ఏదో ముందు పాడై, ఆ దెబ్బ పళ్ళ మీద పడుతుంది. ఆ మొదటి కారణాన్ని కనిపెట్టకుండా కొత్త క్రౌన్ పినియన్ వేస్తే అవీ అదే దారిన పోతాయి.

అన్నింటికన్నా తరచుగా జరిగేది ఇది. పినియన్ సీల్ చుక్కచుక్కగా కారుతుంది. కింద పెద్ద మరక పడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. లెవెల్ తగ్గగానే ముందు ఎండిపోయేది పినియన్ ముందు బేరింగ్, ఎందుకంటే క్రౌన్ ఎగజిమ్మే ఆయిలే దానికి ఆధారం. బేరింగ్ అరిగితే పినియన్ బిగుతు పోతుంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా పినియన్ క్రౌన్ నుంచి పక్కకు తోసుకుంటుంది, పళ్ళు నిండుగా తగలక కొసల మీద బరువు మోస్తాయి. అక్కడి నుంచి పన్ను చిట్లడం ఎంతో దూరం కాదు.

సీల్ కారడానికి కారణం ఒక్కోసారి సీల్ కూడా కాదు, బ్రీదర్. హౌసింగ్ మీద ఉండే ఈ చిన్న గాలి గొట్టం మట్టితో మూసుకుపోతే, వేడెక్కిన గాలి పోవడానికి దారిలేక ఆయిల్‌ను సీళ్ళలోంచి బయటకు తోస్తుంది. కాగిన హౌసింగ్ ఒక్కసారిగా నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని అదే సీళ్ళలోంచి నీళ్ళు పీలుస్తుంది. బ్రీదర్ తీసి ఊది చూడడానికి ఏమీ ఖర్చు కాదు, సీల్ మార్చే ముందు తప్పకుండా చూడండి.

స్టార్ పినియన్ల కథ వేరు. ఒక చక్రం బురదలోనో ఇసుకలోనో గిర్రున తిరుగుతుంటే అవి తమ పిన్ను మీద విపరీతమైన వేగంతో తిరుగుతాయి. అక్కడ బేరింగులు ఉండవు, ఇనుము మీద ఇనుమే. ఆయిల్ పొర తెగి పిన్ను పట్టేస్తుంది. తిరుగుతున్న ఆ చక్రానికి హఠాత్తుగా గట్టి నేల దొరికితే ఆ కుదుపుకు పళ్ళు గానీ పిన్ను గానీ విరుగుతాయి. కూరుకుపోయినప్పుడు యాక్సిలరేటర్ తొక్కిపెట్టవద్దనేది ఇందుకే. వెనక రెండు టైర్లు వేర్వేరు సైజులవైనా, ఒకటి కొత్తది ఒకటి బాగా అరిగినదైనా, తిన్నని రోడ్డు మీద కూడా స్టార్ పినియన్లు నిరంతరం తిరుగుతూనే ఉంటాయి.

ఓవర్‌లోడు, క్లచ్ ఒక్కసారిగా వదలడం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఏ ఆయిల్ పోయాలి, ఎంత?

జీఎల్-5 గ్రేడు తప్పనిసరి. చిక్కదనం చాలా బండ్లకు 80డబ్ల్యూ-90 లేదా 75డబ్ల్యూ-90. వేడి ప్రాంతాల్లో నిత్యం బరువు లాగే బండ్లకు కొందరు తయారీదారులు 85డబ్ల్యూ-140 చెబుతారు. జీఎల్-4 గేర్‌బాక్సులకు మంచిదే, హైపాయిడ్ గేర్లకు దాంట్లోని ఒత్తిడి నిరోధక రసాయనాలు చాలవు. లిమిటెడ్ స్లిప్ ఉంటే ఫ్రిక్షన్ మాడిఫయర్ ఆయిల్‌లోనే కలిసి ఉందో, విడిగా పోయాలో డబ్బా మీద చదవండి.

తేలికపాటి పికప్‌లకు సాధారణంగా 1.5 నుంచి 3 లీటర్లు పడుతుంది. బండి సమతలంగా ఉండగా రంధ్రం అంచు నుంచి ఒలికే వరకు నింపాలి. కొన్ని మోడళ్ళలో అంచుకు కొన్ని మిల్లీమీటర్లు కిందే ఆపమంటారు. ఎక్కువ పోస్తే నురగ కట్టి, యాక్సిల్ సీళ్ళ దగ్గర కారి బ్రేకు లైనింగుల మీద పడుతుంది.

శబ్దం వస్తోంది గానీ బండి బాగానే లాగుతోంది. ఇంకొన్నాళ్ళు నడపవచ్చా?

ఏళ్ళ తరబడి మారని సన్నని కూత, ఆయిల్ శుభ్రం, ఫ్లాంజిలో ఆట లేదు: ఇలాంటి బండిని ఆయిల్ మార్చి, కనిపెట్టుకుంటూ నడపవచ్చు. గేర్లు కూస్తూనే చాలాకాలం పనిచేస్తాయి.

శబ్దం వారం వారం పెరుగుతున్నా, టకటక కొడుతున్నా, ఆయిల్‌లో ముక్కలున్నా నడపవద్దు. ఊడిన ముక్క క్రౌన్, పినియన్ల మధ్య పడితే వెనక చక్రాలు బిగుసుకుపోతాయి. అది వేగం మీద జరిగితే బండి చేతిలో ఉండదు. కొన్ని సందర్భాల్లో ముక్క హౌసింగ్‌నే పగలగొట్టి బయటకు వస్తుంది.

దారిలో విరిగిపోతే ఏం చేయాలి?

చక్రాలు తిరుగుతున్నాయా, పట్టేశాయా అన్నదే ముందు చూడాల్సింది. పట్టేస్తే ఈడ్చవద్దు, ప్లాట్‌ఫాం బండి మీద ఎక్కించాలి. చక్రం మధ్య నుంచి హబ్బు ముందుకు పొడుచుకొచ్చి, దాని మీద యాక్సిల్ ఫ్లాంజి బోల్టులు కనిపిస్తుంటే మీది ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్. ఆ బోల్టులు విప్పి రెండు యాక్సిళ్ళూ బయటకు లాగేస్తే చక్రాలు హబ్బు బేరింగుల మీద స్వేచ్ఛగా తిరుగుతాయి, బండిని లాక్కుపోవచ్చు. హబ్బు మూతిని శుభ్రమైన గుడ్డతో, టేపుతో మూయండి. సెమీ ఫ్లోటింగ్ రకంలో ఇది కుదరదు. అక్కడ చక్రం యాక్సిల్ మీదే నిలబడి ఉంటుంది, యాక్సిల్ తీస్తే చక్రమూ వస్తుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ బలం అందే) బండి అయితే వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి ముందు యాక్సిల్‌తో నడపవచ్చని చాలామంది అంటారు. నిజమే, కానీ సగమే. షాఫ్ట్ విప్పినా వెనక చక్రాలతో పాటు క్రౌన్, కేజ్ తిరుగుతూనే ఉంటాయి, పినియన్ కూడా. లోపల వదులు ముక్కలుంటే ప్రమాదం అలాగే ఉంటుంది. కవరు తీసి ముక్కలన్నీ ఏరగలిగితేనే, నెమ్మదిగా, దగ్గర దూరానికి. షాఫ్ట్ జారుడు రకమైతే (కొస గేర్‌బాక్సులోకి జారి కూర్చునేదైతే) విప్పగానే గేర్‌బాక్సు వెనక నుంచి ఆయిల్ కారుతుంది, ఆ మూతిని బిగించి కట్టాలి. షాఫ్ట్ లేనప్పుడు గేరులో వేసినా, పార్కులో పెట్టినా వెనక చక్రాలు ఆగవు. హ్యాండ్ బ్రేకు, చక్రాలకు అడ్డం రెండూ ఉండాలి.

పినియన్ సీల్ కారుతోంది. సీల్ మారిస్తే చాలు కదా?

బేరింగ్ బాగుంటే చాలు. అయితే ఈ చిన్న పని తప్పుగా చేయడం వల్లే ఎన్నో గేర్లు పోతున్నాయి. పినియన్ నట్టు ఫ్లాంజిని పట్టి ఉంచడమే కాదు, లోపలి క్రష్ స్లీవ్‌ను (రెండు బేరింగుల మధ్య నలిగే గొట్టాన్ని) నొక్కి బేరింగుల బిగుతును కూడా అదే నిర్ణయిస్తుంది. ఇంపాక్ట్ గన్ పెట్టి గట్టిగా బిగిస్తే స్లీవ్ ఇంకా నలిగి బేరింగ్ బిగుసుకుపోతుంది. లూజుగా వదిలితే పినియన్ ఆడుతుంది.

విప్పేముందు నట్టు, పినియన్ కొస, ఫ్లాంజి మూడింటి మీదా సెంటర్ పంచితో గుర్తు కొట్టండి, బయటకు కనిపించే మరలు లెక్కపెట్టండి. చక్రాలు, బ్రేకు డ్రమ్ములు తీసేసి పినియన్‌ను తిప్పడానికి ఎంత టార్క్ పడుతోందో సన్నని టార్క్ రెంచితో కొలిచి రాసుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఆ అంకెకు చేరి, అక్కడి నుంచి 0.3 నుంచి 0.6 న్యూటన్ మీటర్లు మాత్రమే పెంచండి. ఫ్లాంజి మీద సీల్ పెదవి తగిలే చోట గాడి పడి ఉంటే కొత్త సీల్ కూడా కారుతుంది. ఫ్లాంజి మార్చండి లేదా దాని మీద రిపేరు స్లీవ్ ఎక్కించండి.

పినియన్ పళ్ళు మాత్రమే పోయాయి. పినియన్ ఒక్కటే కొనవచ్చా?

కుదరదు. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో జతగా నూరి, ఒకే నంబరు చెక్కి పంపుతారు. వేర్వేరు జతల నుంచి తెచ్చి కలిపితే కొలతలన్నీ సరిపోయినా కూత పోదు. స్టార్ పినియన్లు, సన్ గేర్లు వేరే సెట్టు. క్రౌన్ బాగుంటే అవి మాత్రమే మార్చుకోవచ్చు, కొత్త పిన్నూ వాషర్లతో సహా.

గేరు పన్ను విరిగిన హౌసింగ్‌లో ఏ బేరింగ్‌నూ తిరిగి వాడవద్దు. ఇనుప రజను అన్నింటిలోకీ చేరి ఉంటుంది. యాక్సిల్ గొట్టాలు రెండూ చివరి వరకు తుడవాలి. అక్కడ మిగిలిన రజనే కొత్త బేరింగులను తినేస్తుంది.

విప్పేటప్పుడు ఏది గుర్తు పెట్టుకోవాలి?

కేజ్ బేరింగ్ క్యాపులు. ఎడమది ఎడమకే, కుడిది కుడికే, పైకి ఉన్న అంచు పైకే రావాలి. వాటిని హౌసింగ్‌తో కలిపి బిగించి బోరు చేసి ఉంటారు, మార్చి పెడితే బేరింగ్ గుండ్రంగా కూర్చోదు. పక్క షిమ్‌లను (దూరం సరిచేసే పలుచని బిళ్ళలను) కూడా ఏ వైపువి ఆ వైపు కట్టి ఉంచండి. యాక్సిల్ సీ ఆకారపు క్లిప్పులతో ఆగి ఉంటే, స్టార్ పిన్ను పట్టి ఉంచే చిన్న లాక్ బోల్టు విప్పాకే పిన్ను వస్తుంది. ఆ బోల్టు సులువుగా విరుగుతుంది, తిరిగి వేసేటప్పుడు కొత్తది వేయండి. కొన్ని మోడళ్ళలో క్రౌన్ బోల్టులకు ఎడమ మర ఉంటుంది. తల మీద ఎల్ గుర్తు ఉందేమో చూడకుండా బలం పెట్టవద్దు.

కొత్త క్రౌన్ పినియన్ సెట్టింగ్ ఎలా చేస్తారు?

నాలుగు సంగతులు కుదరాలి: పినియన్ లోతు, పినియన్ బేరింగ్ బిగుతు, క్రౌన్‌కూ పినియన్‌కూ మధ్య బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య వదిలే ఆట), కేజ్ బేరింగ్ బిగుతు. డయల్ గేజి, సన్నని టార్క్ రెంచి, బేరింగ్ పుల్లర్, ప్రెస్ లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

క్రౌన్‌ను 90 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే కేజ్ మీద చేత్తోనే కూర్చుంటుంది. బోల్టులతో లాగి కూర్చోబెడితే వంకర వస్తుంది. కొత్త బోల్టులు, థ్రెడ్ లాకర్, ఎదురెదురుగా బిగింపు.

పినియన్ లోతుకు మొదట పాత షిమ్ మందమే పెట్టి చూడండి. కొత్త బేరింగులతో తిరిగే టార్క్ చాలా యాక్సిళ్ళలో 1.7 నుంచి 3.4 న్యూటన్ మీటర్ల మధ్య ఉండాలి. క్రష్ స్లీవ్ నలగడం మొదలవ్వాలంటే నట్టు మీద 300 న్యూటన్ మీటర్లకు పైగానే పడుతుంది, నలగడం మొదలయ్యాక మాత్రం బిగుతు గబుక్కున పెరుగుతుంది. కొంచెం బిగించడం, తిప్పి కొలవడం, మళ్ళీ కొంచెం. దాటిపోతే నట్టు వదులు చేసి సరిపెట్టవద్దు, కొత్త స్లీవ్ వేయాలి. పళ్ళ అచ్చు (ఒకదానికొకటి తగిలిన చోట పడే గుర్తు) చూసే దశలో పాత స్లీవ్‌తో పని నడిపి, అన్నీ కుదిరాకే కొత్తది వేయడం మంచి పద్ధతి.

బ్యాక్‌లాష్ క్రౌన్ పన్ను బయటి కొస దగ్గర డయల్ గేజి పెట్టి కొలవాలి. సాధారణంగా 0.15 నుంచి 0.25 మి.మీ. మూడు నాలుగు చోట్ల కొలిస్తే తేడా 0.08 మి.మీ. దాటకూడదు. దాటితే క్రౌన్ కింద మురికి గానీ, వంకర గానీ ఉంది. క్రౌన్‌ను 0.10 మి.మీ. జరిపితే బ్యాక్‌లాష్ ఇంచుమించు 0.07 మి.మీ. మారుతుంది. ఒక పక్క తీసిన షిమ్ మందాన్ని రెండో పక్క కలపండి, లేకపోతే కేజ్ బేరింగ్ బిగుతు మారిపోతుంది.

ఆఖరి మాట అచ్చుదే. నాలుగైదు పళ్ళకు మార్కింగ్ పేస్టు పలుచగా రాసి, క్రౌన్‌ను చెక్కతో కొంచెం ఆపుతూ రెండు దిశల్లోనూ తిప్పండి. అచ్చు పన్ను ఎత్తులో మధ్యన పడాలి, అంచులు మెత్తగా కలిసిపోయినట్టు ఉండాలి. అచ్చు పన్ను తల దగ్గర పడితే పినియన్ దూరంగా ఉంది, షిమ్ మందం పెంచాలి. పన్ను మొదలు దగ్గర లోతుగా పడితే పినియన్ మరీ దగ్గరైంది, తగ్గించాలి. ఎత్తు బాగుండి బయటి కొసకు జరిగితే బ్యాక్‌లాష్ తగ్గించాలి, లోపలి కొసకు జరిగితే పెంచాలి. బ్యాక్‌లాష్ అంకె సరిగ్గా వచ్చి అచ్చు తప్పుగా పడటం తరచుగా జరుగుతుంది. అంకె చూసి తృప్తిపడి మూసేసిన డిఫరెన్షియలే మొదటి ప్రయాణంలో కూస్తుంది.

రేషియో (క్రౌన్ ఒక చుట్టుకు పినియన్ తిరిగే చుట్లు) ఎలా తెలుసుకోవాలి?

కవరు తీసి ఉంటే క్రౌన్ పళ్ళను పినియన్ పళ్ళతో భాగించండి. 41, 11 అయితే 3.73. 41, 10 అయితే 4.10. 39, 11 అయితే 3.55. కవరు తీయకుండా, మామూలు డిఫరెన్షియల్ అయితే, ఒక చక్రం నేల మీద ఉంచి రెండోది రెండు పూర్తి చుట్లు తిప్పి, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. అదే రేషియో.

ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో వెనక రేషియో మారిస్తే ముందుదీ మార్చాలి. రెండూ వేరైతే ఫోర్ వీల్ వేయగానే ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందు, వెనక యాక్సిళ్ళకు పంచే గేరు పెట్టె) మీద ఒత్తిడి పడి అది విరగవచ్చు.

పాత యాక్సిల్ మొత్తం తెచ్చి వేసుకోవడం మేలా?

సెట్టింగ్ చేసే నమ్మకమైన చెయ్యి దొరకనప్పుడు అదే మేలు. రేషియో, చక్రం బిగించే ముఖాల మధ్య వెడల్పు, స్ప్రింగు దిండ్ల దూరం, చక్రం బోల్టుల అమరిక, బ్రేకు సైజు, హ్యాండ్ బ్రేకు కేబుల్, జాయింట్ క్రాస్ సైజు సరిపోవాలి. కొనేముందు కవరు తీయించి పళ్ళు, ఆయిల్ చూడండి, ఫ్లాంజి ఊపి చూడండి. నీళ్ళలో నిలిచిన బండి యాక్సిల్ అయితే బేరింగ్ దారుల మీద తుప్పు గీతలు ఉంటాయి, అది వద్దు.

కొత్త గేర్లు వేశాక ఎలా నడపాలి?

మొదటిసారి ఖాళీ బండితో, వేగం మారుస్తూ 25 కిలోమీటర్ల లోపు నడిపి, అరగంటకు తగ్గకుండా పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా రెండు మూడుసార్లు. కొత్త పళ్ళు ఒకదానికొకటి కుదురుకునేటప్పుడు బాగా వేడెక్కుతాయి, ఆ వేడికి ఆయిల్ తన గుణం కోల్పోతే పళ్ళు మెత్తబడతాయి. 800 కిలోమీటర్ల వరకు బరువు, ట్రైలరు వద్దు. ఆ తర్వాత ఆయిల్ మొత్తం మార్చి అయస్కాంతం చూడండి. సన్నని ముద్ద ఎక్కువగానే ఉంటుంది, ముక్క మాత్రం ఉండకూడదు. ఫ్లాంజిని మరోసారి ఊపి చూసి, సీల్ చుట్టూ తడి లేకపోతే మామూలు పనిలో పెట్టవచ్చు. అక్కడి నుంచి లెవెల్ ప్రతి 10,000 కిలోమీటర్లకు, ఆయిల్ మార్పు బరువు లాగే బండికి 25,000కు, తేలికగా తిరిగే బండికి 50,000కు. నీళ్ళలో మునిగితే కిలోమీటర్లతో పని లేదు, వెంటనే ప్లగ్ తీసి చూడాలి.